మారాం చేసే పిల్లలు, నలుగురిలో కూర్చుని నేర్చుకునే తల్లిదండ్రులు

ఉదయం బయల్దేరే హడావుడి. నాలుగేళ్ల పిల్లాడు నేల మీద బొమ్మ కార్లు వరసగా పేర్చుకుంటున్నాడు. పక్క గదిలోంచి తల్లి "బూట్లు వేసుకో నాన్నా" అంటుంది. వాడు తలెత్తడు. రెండు నిమిషాలాగి "వేసుకున్నావా?" అని కేకేస్తుంది. ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి గొంతు పెరుగుతుంది. నాలుగోసారి విసురుగా వచ్చి చేతిలో కారు లాక్కుంటుంది. అంతే, బూటు గోడకేసి కొట్టి, నేల మీద దొర్లుతూ ఒకటే ఏడుపు. అవతల టైమ్ అయిపోతోంది. ఇక లాభం లేదని ఆమే కూర్చుని బూట్లు తొడిగి, కారు మళ్లీ చేతిలో పెట్టి, చంకనేసుకుని బయటపడుతుంది. ఏడుపు టక్కున ఆగిపోతుంది. ఇద్దరూ కుదుటపడతారు.

మొత్తం ఐదారు నిమిషాలు. ఆ కాస్త సేపట్లో ఇద్దరూ చెరో పాఠం నేర్చుకున్నారు. అమ్మ మొదటి మూడుసార్లు చెప్పేది లెక్కలోకి రాదని, గట్టిగా ఏడిస్తే కారు తిరిగొస్తుందని పిల్లాడికి తెలిసింది. తను తగ్గితే ఏడుపు ఆగుతుందని తల్లికి తెలిసింది. మరో రోజు ఆమె తగ్గకుండా గట్టిగా అరిచిందనుకుందాం. వాడు బెదిరి బూట్లు వేసుకుంటాడు. అరిస్తేనే పని జరుగుతుందన్నది ఆ రోజు ఆమెకు అందే పాఠం. ఎటు తిరిగినా మర్నాటి ఉదయం ఇంకాస్త గొడవగానే మొదలవుతుంది.

చిన్నపిల్లల ప్రవర్తన విషయంలో తల్లిదండ్రులకు బృందాలుగా ఇచ్చే శిక్షణ, అంటే గ్రూప్ పేరెంట్ ట్రైనింగ్, సరిగ్గా ఈ ఐదు నిమిషాలనే పట్టుకుంటుంది. అమ్మ మాటకీ పిల్లాడి ఏడుపుకీ మధ్య ఏం జరుగుతోందో చూపిస్తుంది. ఆ వరసను ఎక్కడ తెంపవచ్చో చేసి చూపి, అక్కడే పెద్దవాళ్ల చేత చేయించి, తర్వాత ఇంట్లో చేయమంటుంది. ఈ "చేయించడం" అన్నది లేకపోతే మిగిలేది ఉపన్యాసమే. పిల్లల పెంపకం మీద ఉపన్యాసాలు విన్నవాళ్లకు కొదవ లేదు. విన్నది ఏడుస్తున్న పిల్లాడి ముందు గుర్తుకు రావడమే కష్టం.

ఒకరినొకరు లొంగదీసుకునే వలయం

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్, ఆయన సహచరులు 1960ల నుంచి పిల్లల దూకుడుతో సతమతమయ్యే కుటుంబాల ఇళ్లకు వెళ్లారు. ఎవరు ఏమన్నారు, దానికి ఎదుటివాళ్లు ఏం చేశారు అన్నది సెకన్ల లెక్కన రాసుకున్నారు. వాళ్లకు కనిపించినవన్నీ రోజులో పదే పదే జరిగే చిన్న చిన్న పంతాలే. పిల్లవాడు పేచీ పెడతాడు, పెద్దవాళ్లు వెనక్కి తగ్గుతారు, పేచీ ఆగుతుంది. వాళ్లు తగ్గడం పిల్లవాడికి బహుమతి. పేచీ ఆగడం పెద్దవాళ్లకు బహుమతి. ఇద్దరికీ ఎంతో కొంత లాభం ఉంది కాబట్టే అది మానదు, పైగా ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కుతుంది. ఈ వరసను ప్యాటర్సన్ 1982లో ఒక పూర్తి సిద్ధాంతంగా పుస్తక రూపంలో తెచ్చారు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కాకపోయినా ఈ వలయం బిగుసుకుంటుంది. పుట్టుకతోనే నిదానంగా ఉండే పిల్లలతో కొందరికి ఇలాంటి పరిస్థితి ఎప్పుడూ రాదు. తొందరగా ఉడుక్కునే, ఒక్కచోట నిలవని, చిన్న మార్పుకే కంగారుపడే పిల్లలు పుట్టిన ఇంట్లో అదే తల్లిదండ్రులు నెలల్లోనే అందులో చిక్కుకోవచ్చు. "పెద్దదాన్ని ఇలాగే పెంచాం, దానికి లేని మొండితనం వీడికెందుకు?" అని చాలామంది అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. పెంపకం అదే అయినా ఎదుట ఉన్న పిల్లలు వేరు.

మరి పిల్లాడికి సమస్య ఉంటే పెద్దవాళ్లకు శిక్షణ ఎందుకు? ఈ మాట వినగానే చాలామంది మనసు చివుక్కుమంటుంది, తప్పంతా తమదేనని తేల్చేసినట్టుంటుంది. నిజానికి లెక్క చాలా మామూలుది. నిపుణుల దగ్గర పిల్లవాడు వారానికి ఒక గంట ఉంటాడు. మిగిలిన సమయమంతా, నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా, ఇంట్లోవాళ్ల మధ్యే ఉంటాడు. బూట్ల గొడవ జరిగేది ఆ గదిలో కాదు, గుమ్మం దగ్గర. అక్కడ ఉండేది తల్లో తండ్రో. మార్పు తేగలిగిన మనిషి ఎవరో చూసి ఆ చేతికే పనిముట్టు ఇవ్వడం ఇది. నిందకు ఇక్కడ చోటు లేదు.

ఏ అల్లరి వయసుది, ఏది కాదు

రెండేళ్ల పిల్లలు కొరుకుతారు, కొడతారు, చేతికందింది విసిరేస్తారు. కెనడాలోని మాంట్రియల్‌లో రిచర్డ్ ట్రెంబ్లే బృందం పిల్లలను ఏళ్ల తరబడి గమనించి తేల్చిందేమిటంటే, మనిషి జీవితంలో చేయి చేసుకోవడం అత్యధికంగా ఉండేది రెండు, మూడేళ్ల వయసులోనే. మాటలు వచ్చేకొద్దీ, తనను తాను ఆపుకోవడం తెలిసేకొద్దీ అది తగ్గుముఖం పడుతుంది. కొట్టడం పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. కొట్టకుండా ఆగడమే నేర్పాలి. కాబట్టి రెండున్నరేళ్ల పాప దుకాణంలో దొర్లి దొర్లి ఏడ్చిందని కంగారు పడాల్సిన పని లేదు.

అదే తీరు నాలుగు, ఐదేళ్లు దాటినా తగ్గకుండా నెలల తరబడి సాగుతుంటే, ఇంట్లోనూ బయటా ఒకేలా ఉంటే, తోటి పిల్లలకు దెబ్బలు తగులుతుంటే ఆలోచించాలి. ఇంకో గుర్తు కూడా ఉంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఇల్లు ముడుచుకుపోతుంది. శుభకార్యాలకు వెళ్లడం మానేస్తారు. స్నేహితులను పిలవడం మానేస్తారు. ప్రీస్కూల్ నుంచి ఫోన్ వస్తే గుండె దడదడలాడుతుంది. పిల్లాడిని చూస్తే ముద్దొచ్చే బదులు టెన్షన్ వస్తుంది. ఈ దశలో ఉన్న తల్లిదండ్రులకు "పెద్దయితే వాడే మారతాడు" అన్న మాట ఓదార్పు కాదు.

నిజంగానే చాలామంది పిల్లలు మారతారు. కానీ అందరూ మారరు. బాల్యంలోనే మొదలై కొనసాగే దుడుకుతనానికీ, టీనేజ్‌లో వచ్చి పోయే తిరుగుబాటుకీ తేడా ఉందని 1993లో మనస్తత్వవేత్త టెర్రీ మోఫిట్ చూపించారు. మొదటిదాని దారి పొడవైనది, బరువైనది. లండన్‌లో బాల్యం నుంచి 28 ఏళ్ల వయసు దాకా గమనించిన ఒక అధ్యయనం 2001లో ప్రచురితమైంది. పదేళ్ల వయసులో తీవ్రమైన ప్రవర్తనా సమస్యలున్న పిల్లల మీద, ఏ సమస్యా లేని పిల్లలతో పోలిస్తే, ప్రజా సేవలకు అయిన ఖర్చు దాదాపు పది రెట్లు. డబ్బు లెక్క పక్కన పెట్టినా, చదువు తెగిపోవడం, ఉద్యోగం నిలవకపోవడం, కోర్టుల చుట్టూ తిరగడం, ఇవన్నీ ఆ అంకె వెనకున్న బతుకులు. మూడు నుంచి ఏడేళ్ల మధ్య వలయాన్ని వదులు చేయడం తేలిక. పదమూడేళ్లప్పుడు అదే పనికి చాలా చెమటోడ్చాలి.

గదిలో ఏం జరుగుతుంది

ఈ శిక్షణకు ఒక పుట్టిల్లు ఉంది. 1960ల చివర్లో అదే ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో కాన్‌స్టన్స్ హాన్ఫ్ రెండు దశల పద్ధతి ఒకటి రూపొందించారు. మొదటి దశలో తల్లి పిల్లాడి ఆటలో వాడి వెనకే నడవడం నేర్చుకుంటుంది. రెండో దశలో స్పష్టంగా చెప్పడం, చెప్పినదాని మీద నిలబడడం నేర్చుకుంటుంది. తర్వాత వచ్చిన పేరున్న కార్యక్రమాల్లో చాలావాటికి మూలం ఇదే. షీలా ఐబర్గ్ దాన్ని ఒక్కో కుటుంబానికి విడిగా శిక్షణనిచ్చే పద్ధతిగా మలిచారు. తల్లి చెవిలో చిన్న ఇయర్‌ఫోన్, అద్దం అవతల నుంచి నిపుణురాలి సూచనలు. సియాటెల్‌లో కరోలిన్ వెబ్‌స్టర్ స్ట్రాటన్ 1980ల నుంచి అదే సారాన్ని వీడియో దృశ్యాలు, చర్చలతో బృంద శిక్షణగా మార్చారు. అది ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్ పేరుతో అనేక దేశాలకు వెళ్లింది. ఆస్ట్రేలియాలో మ్యాట్ శాండర్స్ మొదలుపెట్టిన ట్రిపుల్ పీ అనే కార్యక్రమంలో ఐదు బృంద సమావేశాలు, మూడు ఫోన్ సంభాషణలు ఉండే రకం ఒకటి ఉంది.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లో చెప్పిన కొలతలు ఇవి: బృందానికి 10 నుంచి 12 మంది తల్లిదండ్రులు, 10 నుంచి 16 సమావేశాలు, ఒక్కోటి గంటన్నర నుంచి రెండు గంటలు. వీలైతే ఇద్దరూ రావాలి. చూసి నేర్చుకోవడం, చేసి చూడడం, ఎలా చేశారో వెంటనే తెలుసుకోవడం, ఈ మూడూ ఉండాలి.

మొదటి రెండు మూడు వారాలు చాలామందికి నిరాశే. పిల్లాడు కొడుతున్నాడని వస్తే వాడితో రోజూ పది నిమిషాలు ఆడుకోమంటారు. అదీ ఆదేశాలు లేకుండా, ప్రశ్నలు లేకుండా, పాఠాలు చెప్పకుండా. వినడానికి తేలికే. చేయబోతే తెలుస్తుంది. "ఇదేం రంగు? ఆ కారు ఇటు పెట్టు. చక్రాలెన్నున్నాయి?" అని నోటికి వచ్చేస్తూనే ఉంటుంది. వాటికి బదులు "ఎర్ర కారు ముందుకొచ్చేసింది, నీలం కారు ఆగింది" అని చూసింది చూసినట్టు చెప్పాలి. ఆట పగ్గాలు పిల్లాడి చేతిలో ఉండాలి. మొండితనం గురించి వచ్చినవాళ్లకు ఇది ముందెందుకు? పిల్లలు దేనికోసం ఏమైనా చేస్తారంటే అది పెద్దవాళ్ల ధ్యాస కోసమే. బుద్ధిగా ఆడుకున్నంతసేపూ "హమ్మయ్య, ఊరుకున్నాడు" అని పెద్దవాళ్లు తమ పనుల్లో పడతారు. గ్లాసు విసిరితే అందరూ పరిగెత్తుకొస్తారు. ధ్యాస ఎక్కడ దొరుకుతుందో పిల్లాడికి ఇట్టే అర్థమవుతుంది. ఆ పది నిమిషాల ఆట ఈ లెక్కను తిరగరాస్తుంది. పైగా, నెలల తరబడి అరుపులే నడిచిన చోట ఒకరి ముఖం చూసి మరొకరు నవ్వడం మళ్లీ మొదలవుతుంది. ఇది లేకుండా తర్వాత నేర్పే క్రమశిక్షణ ఏదీ అంటదు.

మెచ్చుకోవడం కూడా అలాగే నేర్చుకోవాల్సిన పనే. "గుడ్ బాయ్" అంటే ఏం చేసినందుకో పిల్లాడికి తెలియదు. "పిలవగానే వచ్చావు, నాకు చాలా నచ్చింది" అంటే తెలుస్తుంది. "ఇవాళైనా విన్నావు, రోజూ ఇలా వింటే ఏం పోయింది" అంటే అందులో మెప్పు మీద ముల్లు గుచ్చినట్టే. మెచ్చుకుంటే నెత్తికెక్కుతారన్న భయం చాలామందిలో ఉంటుంది. ఆ భయాన్ని ఎవరూ కొట్టిపారేయరు. ఒక వారం చేసి చూసి, ఏం జరిగిందో వచ్చి చెప్పమంటారు.

తర్వాత వచ్చేది ఆదేశాలివ్వడం. ఇక్కడ రోల్ ప్లే ఎంత పని చేస్తుందో దగ్గరగా చూడాలి. ఇలాంటి సమావేశాల్లో మామూలుగా కనిపించే సన్నివేశమే ఇది. ఒక తండ్రి పిల్లాడి వేషంలో నేల మీద కూర్చుంటాడు, చుట్టూ బొమ్మలు. ఇంకో తల్లి ఆయన చేత బొమ్మలు తీయించాలి. ఆమె మొదలుపెడుతుంది: "కాస్త ఆ బొమ్మలు తీసేద్దామా కన్నా... త్వరగా... ఎన్నిసార్లు చెప్పాలి నీకు... అక్కడ కాదు, బుట్టలో... ముందు ఆ కాలు తియ్యి." శిక్షకురాలు ఆపి, నేల మీదున్న ఆయన్ను అడుగుతుంది: "మీకేం అర్థమైంది?" ఆయన కాసేపు ఆలోచించి, "ఏది ముందు చేయాలో తెలియలేదు. ఆవిడకు కోపమొచ్చిందని మాత్రం తెలిసింది" అంటాడు. ఆ ఒక్క మాటతో ఆమె ముఖం మారిపోతుంది. ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడు చెప్పలేని మాట అది.

మళ్లీ చేస్తుంది. ఈసారి దగ్గరికి వెళ్లి, ఆయన కళ్లకు సమానంగా వంగి, పేరు పెట్టి పిలిచి, ఒక్కటే మాట: "బొమ్మలు బుట్టలో పెట్టు." అన్నాక ఆగాలి. ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకూడదు. చూసేవాళ్లకు ఐదు సెకన్లంటే ఏముంది అనిపిస్తుంది. అక్కడ నిలబడినవాళ్లకు అది ఎంతకీ తెమలదు. నోరు దానంతటదే తెరుచుకోబోతుంది. ఆయన ఒక బొమ్మ తీసి బుట్టలో వేస్తాడు. "చెప్పగానే మొదలెట్టావే!" అంటుంది ఆమె. ఆ మాట అనడానికి ఆమెకు సందు దొరికింది కేవలం ఆగినందువల్లే. ఎంత వివరంగా రాసిన పుస్తకమైనా ఆ ఐదు సెకన్ల నిశ్శబ్దాన్ని ఒంటికి పట్టించలేదు.

పట్టించుకోకుండా వదిలేయడం, టైమ్ అవుట్ లాంటివి ఆఖరి వారాల్లో వస్తాయి. వీటిమీద అపోహలు ఎక్కువ. సణుగుడు, గొణుగుడు, కావాలని చేసే వెకిలి చేష్టలు, ఇలా ఎవరికీ హాని లేనివాటిని పట్టించుకోకుండా ఉండమంటారు. పిల్లాడినే పట్టించుకోవద్దని దీనర్థం కాదు. ఏడుపు తగ్గిన మరుక్షణం ధ్యాస తిరిగి రావాలి. ఒక హెచ్చరిక ముందే చెబుతారు: వదిలేయడం మొదలుపెట్టిన కొత్తలో ఏడుపు తగ్గే బదులు పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఆయుధం పనిచేయకపోతే ఎవరైనా ఇంకాస్త గట్టిగానే ప్రయోగిస్తారు కదా. సరిగ్గా అప్పుడు లొంగిపోతే, ఇంకా గట్టిగా ఏడవాలన్నది పిల్లాడికి కొత్త పాఠం అవుతుంది. ఈ సంగతి ముందే తెలిసిన తల్లి ఆ రెండు మూడు రోజులు నిలబడగలదు. తెలియని తల్లి "ఇది మా వాడి దగ్గర పనిచేయదు" అని వదిలేస్తుంది.

టైమ్ అవుట్ అంటే చీకటి గదిలో పెట్టడం కాదు, అవమానించడం అసలే కాదు. కొట్టడం లాంటి ఒకటి రెండు పనులకు మాత్రమే, ముందే చెప్పి ఉంచి, కళ్లెదుటే ఒక చోట కొద్ది నిమిషాలు కూర్చోబెట్టడం. అరుపులుండవు, ఉపన్యాసాలుండవు. పూర్తయ్యాక మామూలుగా కలుపుకోవాలి. ఆటా మెప్పూ ఏమీ లేని ఇంట్లో దీన్నొక్కదాన్నే తెచ్చి పెడితే అది ఇంకో శిక్షగానే మిగులుతుంది. అందుకే దాన్ని చివర్లో నేర్పుతారు.

నలుగురు ఎందుకు

ఒక్కో కుటుంబానికి విడిగా చెప్పడమే మేలు కదా, బృందం ఖర్చు తగ్గించుకోవడానికే కదా అన్న అనుమానం సహజం. ఖర్చు తగ్గే మాట నిజమే. కెనడాలో చార్లెస్ కన్నింగ్‌హామ్ బృందం 1995లో ప్రచురించిన అధ్యయనంలో క్లినిక్‌లో విడివిడిగా ఇచ్చే శిక్షణనూ, ఇళ్లకు దగ్గరగా పెద్ద బృందాల్లో ఇచ్చే శిక్షణనూ పోల్చారు. బృంద పద్ధతి ఖర్చు విషయంలో ఆరు రెట్లకు పైగా మెరుగని తేలింది. అంతకంటే ఆసక్తి కలిగించే విషయం వేరే ఉంది. వలస వచ్చిన కుటుంబాలు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు, పిల్లల సమస్య మరీ తీవ్రంగా ఉన్నవాళ్లు క్లినిక్ కంటే బృందాల్లోనే ఎక్కువగా చేరారు. సాయం ఎక్కువ అవసరమైనవాళ్లకు క్లినిక్ గడప ఎత్తుగా అనిపించింది.

గదిలో ఇంకో సంగతి జరుగుతుంది, దాన్ని అంకెల్లో పెట్టడం కష్టం. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు తాము ఒంటరి అనుకుంటారు. పక్కింటి పాప చక్కగా చెప్పినట్టు వింటుంది. బంధువులు ఉచిత సలహాలిస్తారు. "నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అనేవాళ్లు కొందరు, "అంత గారాబం చేస్తే ఇంతే" అనేవాళ్లు ఇంకొందరు. మొదటి సమావేశంలో ఒక తల్లి తడబడుతూ "మా పాప నన్ను కొడుతుంది" అంటుంది. ఎదురుగా ఉన్న ఒకాయన "మా ఇంట్లోనూ అంతే" అంటాడు. ఏ నిపుణుడూ ఇవ్వలేని ధైర్యం ఆ రెండు ముక్కల్లో ఉంది. మూడో వారంలో అదే తల్లి, పడుకునే వేళ గొడవ తగ్గడానికి తను చేసిన పని చెబితే, మిగతావాళ్లు శిక్షకురాలి మాట కంటే శ్రద్ధగా వింటారు. చెప్పేది తమలాంటి మనిషి, చెప్పేది నిన్న రాత్రి సంగతి.

బృందానికి ప్రమాదాలూ ఉన్నాయి. ఒకరే మాట్లాడుతుంటే మిగతావాళ్లు నోరెత్తరు. మిగతా పిల్లలంతా మెరుగవుతుంటే తన పిల్లాడిలో మార్పు కనిపించని తండ్రి కుంగిపోతాడు. భార్యాభర్తల మధ్య ఉన్న సమస్యలు పదిమందిలో బయటపడలేవు. కాబట్టి శిక్షకుల నేర్పే అన్నిటికీ మూలం. "ఇలా చేయండి" అని చెప్పడం సులువు. "అప్పుడు మీరేం చేశారు? వాడేం చేశాడు? ఇంకోసారైతే ఎక్కడ మారుస్తారు?" అని అడిగి, జవాబు వాళ్ల నోటే రప్పించడానికి ఏళ్ల అనుభవం కావాలి. ఆ నేర్పును ఖర్చు కింద చూసి కోత పెట్టిన చోట కార్యక్రమం పేరు మాత్రమే మిగులుతుంది.

ఎంతవరకు నమ్మవచ్చు

ఆధారాల విషయంలో ఈ రంగం బలంగానే ఉంది. స్టీఫెన్ స్కాట్ బృందం ఇంగ్లండ్‌లో మామూలు క్లినిక్‌లకు వచ్చిన 3 నుంచి 8 ఏళ్ల పిల్లలు 141 మందితో చేసిన ప్రయోగం 2001లో వచ్చింది. శిక్షణ పొందిన కుటుంబాల పిల్లల్లో దుడుకుతనం బాగా తగ్గింది, వంతు కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల్లో తగ్గలేదు. పనికిరాని ఆదేశాలతో పోలిస్తే మెప్పు మాటల నిష్పత్తి శిక్షణ పొందినవాళ్లలో మూడు రెట్లయింది. ఎదురుచూస్తున్నవాళ్లలో అది మూడో వంతు పడిపోయింది. వదిలేస్తే వలయం దానంతటదే వదులు కాదనడానికి ఇదొక సాక్ష్యం. వేల్స్‌లో జూడీ హచింగ్స్ బృందం 153 కుటుంబాలతో చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. తల్లిదండ్రులు చెప్పిన మాటతో సరిపెట్టుకోకుండా ఇళ్లకు వెళ్లి గమనించినా మార్పు కనిపించింది.

వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012లో ప్రచురించిన సమీక్ష 13 ప్రయోగాలను, 1,078 మందిని కలిపి చూసింది. పిల్లల ప్రవర్తన, పెంపకం తీరు, తల్లిదండ్రుల సొంత మానసిక ఆరోగ్యం, మూడూ మెరుగయ్యాయని తేల్చింది. ఒక్కో కుటుంబానికి సుమారు 1,712 పౌండ్ల ఖర్చుతో పిల్లాడి ప్రవర్తనను తీవ్ర స్థాయి నుంచి మామూలు హద్దుల్లోకి తేవచ్చని లెక్కగట్టింది. పైన చెప్పిన పదిరెట్ల ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

ఏది పనిచేస్తోందన్న ప్రశ్నకు 2008లో జెన్నిఫర్ కమిన్‌స్కీ తదితరులు 77 అధ్యయనాలను విడదీసి చూశారు. పిల్లలతో ఆప్యాయంగా మెలగడం, భావాలు మాటల్లో పెట్టడం నేర్పినవి, టైమ్ అవుట్‌ను సరిగా వాడడం, ఒకే మాట మీద ఉండడం నేర్పినవి ఎక్కువ ఫలితమిచ్చాయి. వీటితోపాటు, శిక్షణ సమయంలోనే సొంత పిల్లలతో సాధన చేయించిన కార్యక్రమాలు ముందున్నాయి. బృందాలకు ఇది కాస్త ఇబ్బంది పెట్టే నిజం. బృందంలో పిల్లలుండరు, రోల్ ప్లేలు ఉంటాయి. ఆ లోటు పూడాలంటే ఇంట్లో సాధన తప్పనిసరి కావాలి, మరుసటి వారం దాని గురించి వివరంగా మాట్లాడాలి.

లోపాలూ ఉన్నాయి. చాలా అధ్యయనాల్లో పిల్లాడు మారాడా లేదా అని చెప్పేది శిక్షణకు వెళ్లివచ్చిన తల్లిదండ్రులే. వాళ్ల ఆశ ఆ జవాబుల్లో కలవకుండా ఉండదు. ఎదురుచూసే జాబితాలో ఉన్నవాళ్లకు కొన్ని నెలల తర్వాత శిక్షణ ఇచ్చేస్తారు. అది న్యాయమే. కానీ ఐదేళ్ల తర్వాత పోల్చి చూద్దామంటే శిక్షణ లేనివాళ్లు మిగలరు. దీర్ఘకాలంలో ఏమవుతుందన్నది అందుకే ఇప్పటికీ గట్టిగా తేలలేదు.

గది దాకా రానివాళ్లు

అసలు సమస్య మరోటి. అనిల్ చాకో తదితరులు 2016లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, శిక్షణ అవసరమని గుర్తించిన కుటుంబాల్లో కనీసం నాలుగో వంతు చేరనే చేరలేదు. ఇంకో నాలుగో వంతు మధ్యలో మానేశారు. అంటే సగం మందికి ఈ పద్ధతి బలం అందలేదు. వీళ్లకు శ్రద్ధ లేదని తేల్చేయడం అన్యాయం. సాయంత్రం ఆరింటికి సమావేశం పెడితే షిఫ్ట్‌లో ఉన్న తల్లి ఎలా వస్తుంది? చిన్నవాణ్ని ఎవరు చూసుకుంటారు? రెండు బస్సులు మారి రావాలంటే పన్నెండు వారాలు ఎవరు నిలబడతారు? తండ్రులు రావడం మరీ తక్కువ. పన్నెండు వారాలు నేర్చుకున్న తల్లి ఇంటికెళ్లి ఐదు సెకన్లు ఆగుతుంటే, వెనక నుంచి తండ్రి అరుస్తాడు, లేదా పాపం ఏడుస్తున్నాడని ఇంట్లో పెద్దవాళ్లు అడిగింది ఇచ్చేస్తారు. ఆమె నేర్చుకున్నదంతా అక్కడితో సరి.

పేద కుటుంబాల్లో, తల్లి డిప్రెషన్‌తో బాధపడే ఇళ్లలో ఇది పనిచేయదన్న అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. యూరప్ ప్రయోగాల సమాచారాన్ని కుటుంబం కుటుంబంగా కలిపి ఫ్రాన్సెస్ గార్డ్‌నర్, పాటీ లైటెన్ తదితరులు విశ్లేషించినప్పుడు ఆ అభిప్రాయం నిలబడలేదు. పేదరికం ఫలితాన్ని తగ్గించలేదు. పిల్లాడి సమస్య తీవ్రంగా ఉన్న చోట, తల్లి కుంగుబాటుతో ఉన్న చోట లాభం ఇంకాస్త ఎక్కువే కనిపించింది. వస్తే పనిచేస్తుంది. రాగలిగేలా చేయడం నిర్వాహకుల బాధ్యత. ఒక దేశంలో పుట్టిన కార్యక్రమం మరో దేశంలో పనికిరాదన్న మాటా అధ్యయనాల్లో నిలవలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి తక్కువ వనరులున్న చోట్ల కోసం ప్రత్యేకంగా బృంద కార్యక్రమాలు తయారుచేశాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెంపకం శిక్షణ మీద మార్గదర్శకాలే విడుదల చేసింది.

అయితే ప్రతి పేచీకీ ఇదే మందు కాదు. "చెప్పింది వినడు" అన్న పిల్లాడికి నిజంగానే వినికిడి లోపం ఉండవచ్చు. మాటలు ఆలస్యమైన పిల్లలు చెప్పలేకే విసురుతారు. నిద్ర చాలని పిల్లల తీరు వేరే. ఆటిజం ఉన్న పిల్లలకు ఇదే పద్ధతిని మార్చి వాడాలి. ఇంట్లో హింస నడుస్తుంటే ముందు దాన్ని ఆపాలి. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక అతి చురుగ్గా ఉండే సమస్య, విషయంలో మాత్రం చిన్న వయసులో మందుల కంటే ముందు ఇదే. 2018లో నైస్ సంస్థ ఐదేళ్ల లోపు పిల్లల తల్లిదండ్రులకు బృంద శిక్షణనే మొదటి చికిత్సగా చెప్పింది. 2019లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 4 నుంచి 6 ఏళ్ల లోపు పిల్లలకు అదే బాట చూపింది.

ఎక్కడైనా చేరబోయే తల్లిదండ్రులు కార్యక్రమం పేరు కంటే కొన్ని మామూలు ప్రశ్నలకు వచ్చే జవాబులు చూసుకోవడం మంచిది. ఎన్ని వారాలు? ఒక్క రోజు సదస్సయితే అది పరిచయమే, శిక్షణ కాదు. గదిలో చేయిస్తారా, స్లైడ్లు చూపించి పంపేస్తారా? శిక్షకులు తమ సమావేశాలను రికార్డ్ చేసి పై అనుభవజ్ఞులకు చూపించుకుంటారా? పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉందా? ఇద్దరిలో ఒకరే రాగలిగితే, రెండోవారికి సంగతులు చేరేదెలా? ఇంకొకటి, ఒక వారం రాలేకపోతే ఏం చేస్తారు? ఆ వారం విషయాన్ని విడిగా కూర్చోబెట్టి నేర్పుతామని, రాని రోజు సాయంత్రమే ఫోన్ చేసి ఇల్లెలా ఉందో కనుక్కుంటామని నిర్వాహకులు అంటే, ఆ బృందంలో చివరి వారం కూడా కుర్చీలు నిండే అవకాశం ఉంది.